చీరల బీరువాలోంచి బోధ

మొన్న కరివేపాకు కోసం బర్ దుబాయ్‌లో మా వీధి చివరి కిరాణా కొట్టుకి వెళ్లాను. బిల్లు కొట్టే అతను నిజామాబాద్ వైపు మనిషి. ఫోను ఎదురుగా నిలబెట్టుకుని ఏదో వింటున్నాడు. "ప్రియ సహోదరీ, నీ ముసుగు ఎక్కడ? నీ మనసు ఎక్కడ?" అన్న గొంతు చెవిన పడగానే గుర్తుపట్టేశాను. నెయ్యి రాసినట్టుండే ఆ గొంతును చచ్చినా మర్చిపోను. "మంచిగ చెప్తడు మేడమ్, మీరు వినరా?" అన్నాడతను. "విన్నానయ్యా, ఒకే ఇంట్లో ఉండి మరీ విన్నాను" అన్నాను. అతను నమ్మినట్టు లేదు. ఆ గొంతు మా బావగారిది, అంటే మా ఆయనకు స్వయానా అన్నగారిది.

కరోనా వచ్చి ప్రార్థన కూటాలన్నీ మూతపడిన రోజుల్లో పుట్టింది ఆ రేడియో. అప్పటిదాకా ఆయన ఒక కంపెనీలో స్టోర్ కీపరు. కంపెనీ ఇంట్లో కూర్చోమంది. ఊరికే ఉండే నోరు కాదు కదా, ఫోన్లో వినే రేడియో ఒకటి మొదలుపెట్టి, రోజూ లోకం తీరు మీద వ్యాఖ్యానం అన్నారు. మా రెండు కుటుంబాలూ అప్పుడు ఒకే ఫ్లాట్‌లో ఉండేవి. వీధిలో హారన్లు వినబడకూడదని, గోడలో ఉండే మా తోటికోడలి చీరల బీరువాలో స్టూలు వేసుకుని, మీద దుప్పటి కప్పుకుని, తలుపు దగ్గరగా వేసుకుని మాట్లాడేవారు. ఆయన మాట్లాడినంతసేపూ ఇంట్లో ఏసీ ఆపాలి, కుక్కర్ కూత పెట్టకూడదు, ఎవరికీ తుమ్ము రాకూడదు. దుబాయ్ ఎండాకాలమంటే తెలుసుగా! మేమిద్దరం ఆడవాళ్లం చెమటలు కక్కుతూ, ఉడకని పప్పు ముందు మూగవాళ్లలా నిలబడితే, లోపల పట్టుచీరల మధ్య నుంచి ఆయన ఆడదాని అణకువ గురించి సెలవిచ్చేవారు. ఉద్యోగానికి వెళ్లే ఆడది ఇల్లు కూల్చేదట. మొగుణ్ణి వదిలిన ఆడది దేవుణ్ణే వదిలినట్టట. మందుల మీద ఆధారపడేవాడు అల్పవిశ్వాసి అట. ఆయనగారి షుగరు మాత్ర మాత్రం వేళకి మంచినీళ్లతో సహా బీరువాలోకి అందాలి. దయ్యాలు వేదాలు వల్లించడమంటే ఇదే కాబోలు. అయినా జనం విన్నారు. సోనాపూర్ కూలీల క్యాంపుల్లో మంచాల మీద పడుకుని విన్నారు, గోదావరి జిల్లాల వంటిళ్లలో కూరలు తరుగుతూ విన్నారు. తిట్టేవాళ్లు కూడా వదలకుండా వినేవారు. ఎంత రచ్చయితే ఆయన ముఖం అంత వెలిగేది.

మా విశ్వాసుల్లో ఒక అలవాటుంది. కష్టమొస్తే పెద్దలకు ప్రార్థన విన్నపం పంపుతాం. అలా చెప్పింది దేవుడి చెవిన వేసినట్టే, గడప దాటదని నమ్మకం. తూర్పు తీరంలోని ఖోర్ ఫక్కాన్‌లో ఒక అరబ్బు ఇంట్లో పనిచేసే మా ఆడపడుచు అలాగే నమ్మింది. ఆమె మొగుడు తాగి కొట్టేవాడు. ఒకసారి కూతురి మీద కూడా చెయ్యి చేసుకున్నాక, ఆ పసిదాన్ని సిస్టర్లు నడిపే హాస్టల్లో చేర్చి, దాన్ని చదివించుకోవడానికి ఈ దేశం వచ్చింది. పిల్ల ఎక్కడుందో మొగుడికి తెలియదు. నాకూ చెప్పలేదు. అలాంటిది అన్నగారికి మాత్రం ఫోన్లో మాట రికార్డు చేసి పంపింది. "అన్నయ్యా, పాప ఆయన కంటపడకుండా ఉండాలని ప్రార్థన చెయ్యి" అని ఊరూ, హాస్టలూ అన్నీ చెప్పింది. తోడబుట్టినవాడు, పైగా దైవజనుడు. ఎవరైనా చెప్పుకోరూ?

ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. మర్నాడు నేను వంటింట్లో మినపప్పు కడుగుతుంటే బీరువాలోంచి వినబడుతోంది. "ఈ దేశంలో తూర్పు తీరాన ఓ రేవు పట్నంలో పనిచేసే ఒక సహోదరి ఉంది. మొగుడు ఒక దెబ్బ వేశాడని సంసారం వదిలేసింది. కన్నబిడ్డను రాజమండ్రి అవతల, గోదారి గట్టున సిస్టర్ల హాస్టల్లో దాచి, దిర్హాముల వెనక పరుగెడుతోంది. తండ్రి నుంచి బిడ్డను దాచడం ప్రేమా?" పరుగున వెళ్లి బీరువా తలుపు లాగేశాను. చీరల మధ్య దుప్పటి ముసుగులో, చెమటతో నిగనిగలాడుతూ కూర్చున్నాడు మనిషి. ఆగమన్నట్టు అరచెయ్యి చూపించి, తాపీగా ఆమెన్ చెప్పి, అప్పుడు మైకు ఆపాడు. ఛీ, ఆ చెయ్యి ఇప్పటికీ కళ్ల ముందు ఆడుతుంది.

"పేరు చెప్పలేదు కదమ్మా" అన్నాడు.

"పేరొక్కటే మిగిల్చారు బావగారూ" అన్నాను.

అనుకున్నంతా అయింది. ఆడపడుచు అత్తగారు ఆ రేడియో వినందే కాఫీ తాగదు. వారం తిరక్కుండా ఫోనొచ్చింది. "వదినా, పాపని వాళ్ల నాన్న తీసుకుపోయాడంట. తండ్రినంటే సిస్టర్లు ఏం చెయ్యగలరు?" అని ఆడపడుచు ఏడుస్తోంది. ఆ మాట బావగారికి చెబితే "కుటుంబం కలిసింది, దేవుని కార్యం" అన్నారు. మేం ఆ నెలే వేరే ఇల్లు చూసుకున్నాం. ఆడపడుచు తన కఫీల్, అంటే వీసా ఇచ్చిన అరబ్బు యజమాని, కాళ్లావేళ్లా పడి సెలవు తెచ్చుకుని వెళ్తే, అత్తవారు గుమ్మంలోనే ఆపేశారు. పిల్లను లోపలి గదిలో పెట్టి తలుపేశారట. విషయం బయటపడి నలుగురూ ఉమ్మేస్తే బావగారు కొన్నాళ్లు నోరు మూసుకున్నారు. తర్వాత ఆ ఉమ్మునే సాక్ష్యంగా మార్చుకుని, సత్యం కోసం శ్రమలు పడ్డానంటూ తిరిగొచ్చారు. వినేవాళ్లు ఇంకా పెరిగారు.

మొన్న కొట్లో కరివేపాకు సంచిలో వేసుకుంటున్నప్పుడు కార్యక్రమంలో సాక్ష్యాలు మొదలయ్యాయి. "అమ్మ డబ్బు కోసం నన్ను వదిలేసింది. పెద్ద మామయ్య వల్లే నాకు నాన్న దొరికాడు, దేవునికి స్తోత్రం" అంటోంది ఒక ఆడపిల్ల, అప్పజెప్పిన పాఠంలా. చెప్పించాడు! మా ఆడపడుచు కూతురి చేతే చెప్పించాడు! ఒళ్లు మండిపోయి చిల్లర కూడా తీసుకోకుండా వచ్చేశాను.

సాయంత్రం ఆడపడుచుకి ఫోన్ చేశాను. ఎవరో చెప్పేలోపు నేనే మెల్లగా చెబుదామని. అవతల ఆ రేడియోయే మోగుతోంది.

"ఆపెయ్యమ్మా ఆ దరిద్రం" అన్నాను.

"ఉండు వదినా. ఏమంటోందో వినట్లేదులే. గొంతు చూడు, పెద్దపిల్ల గొంతు వచ్చేసింది. అచ్చం మా అమ్మ గొంతు" అంది. మళ్లీ మొదటి నుంచి పెట్టుకుంది.

ఇన్నేళ్లలో కాలం ఆ పిల్ల గొంతు మార్చింది గానీ ఆయన గొంతు జోలికి పోలేదు. తల్లి తన బిడ్డ పెరిగిందని తెలుసుకోవాలంటే ముందు ఆయన గొంతే వినాలి.