మౌంట్ కాని నక్షలు

తొంభైల చివర్ల బెల్లంపల్లి దగ్గరి ఒక బొగ్గుబాయి సర్వే ఆఫీసుల నేను కంప్యూటరు చూసుకునేదాన్ని. మా బాపు అదే బాయిల దిగేటోడు.

బాయి లోపలి దారుల నక్షలన్నీ కంప్యూటర్లనే ఉండె. ఒక్క డిస్కు చాలదని ఐదింటిని ఒక పెట్టెల వరుసగ పెట్టి, అన్నీ కలిసి ఒక్కటే డిస్కు అన్నట్టు నడిపేటోళ్లం. ఏ నక్షయినా ముక్కలై ఐదింట్ల పంచుకోని ఉంటది. అన్నీ కలిస్తేనే తెరుచుకుంటది.

ఆ సోమారం పొద్దున కంప్యూటరు లేచింది గని పెట్టె లేవలే. డిస్కుల దీపాలు వెలుగుతున్నయి, తిరిగే చప్పుడూ వినొస్తుంది. తెర మీద మాత్రం నక్షలున్న వాల్యూమ్, అంటే ఆ ఐదు కలిసిన డిస్కు, మౌంట్ కాలేదని, తెరుచుకోలేదని వచ్చింది. ఆపి మళ్ల పెట్టిన. అదే మాట.

అప్పుడే సర్వేయర్ సార్ వచ్చిండు. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి, నన్ను బిడ్డా అనే పిలిచేటోడు. తెర చూసి కుర్చీల కూసోలే. కొత్తగ తవ్వుతున్న దారి, ఎన్నడో మూసేసిన పాతబాయి దిక్కు పోతుందని ఆయనకు అనుమానం. పాతబాయి నిండ నీళ్లు. నడుమ బొగ్గు గోడ ఎంత మందం మిగిలిందో నక్షల చూస్తేనే తెలుస్తది. కాయితం నక్షను చెదలు తింటే పీలికలే మిగిలినయి. టేపు మీద నకలుంది గని, టేపు చదివే యంత్రం రిపేరుకు హైదరాబాదు పోయింది.

సార్ మేనేజరుకు ఫోన్ చేసి తవ్వుడు ఆపుమన్నడు. నక్ష చూపిస్తే ఆపుత, వట్టి అనుమానానికి ఆపలేనని ఆయన అన్నడట. సెకండ్ షిఫ్టు దిగేలోపల చూపెట్టాలె. ఆ షిఫ్టుల మా బాపు ఉన్నడు. సార్‌కు ఎరుకే.

పెట్టె అమ్మినోళ్లకు ఫోన్ కలిపిన. తెర మీద ఏమొస్తుందో చదవమన్నరు. డిస్కులను కొత్తగ తయారు చేయాల్నా అని అడుగుతుందన్న. అవునని కొట్టమన్నడు అవతలాయన, పెట్టె లేస్తదన్నడు. మరి లోపలున్న నక్షల సంగతేంది అంటే, అవి పోతయి మేడం అన్నడు. ఫోన్ పెట్టేసిన. ఆ తర్వాత కీబోర్డు మీద చెయ్యి పెట్టాలంటేనే భయమైంది.

శనివారం దాక మంచిగున్నది ఇయ్యాల ఎట్ల చెడ్డదని ఆలోచించిన. గదంత పచ్చి సున్నం వాసన. ఐతారం గోడలకు సున్నమేసిన్రు. పెట్టెను ఎవరన్న జరిపిన్రా అని సార్‌ను అడిగిన. ఆయన పెట్టె దిక్కు చూసిండు.

"నేనే బిడ్డా. సున్నం పడ్తదని డిస్కులు ఒక్కొక్కటి తీసి బట్టల చుట్టి పెట్టిన. మళ్ల నేనే పెట్టిన."

"ఏ వరుసల ఉండెనో యాదికున్నదా సార్?"

"దానికి వరుస ఉంటదని నాకు ఎరుక లేకుండె."

నాకు కోపం రాలే, పానం జర తేలికైంది. డిస్కులు చెడలే, తారుమారైనయి అంతే. పెట్టె సొంత పరీక్షల చూస్తే మొదటి రెండు వాటి జాగలనే ఉన్నయి, తక్కిన మూడింటి వరుస తప్పింది. ఇగ ఆ మూడింటిని మార్చి మార్చి చూసుడే. ప్రతిసారి కరెంటు తీసి, డిస్కుల తిరుగుడు ఆగేదాక చూసి, జాగ మార్చి మళ్ల వెయ్యాలె. ముసలి డిస్కులు. ఆపినప్పుడల్ల మళ్ల లేస్తయన్న నమ్మకం లేదు. సార్ కిటికీ కాడ నిలబడ్డడు. బయట, బాయిల దిగేటోళ్లకు దీపాలిచ్చే గది ముందర షిఫ్టోళ్లు జమైతున్నరు. వాళ్లల్ల బాపు ఉన్నడో లేడో నేను చూడలే.

ఒకసారి ఒక డిస్కు దీపం వెలగనే లేదు. బయటికి గుంజి, గట్టిగ లోపలికి నూకితే వెలిగింది. ఆ వరుసలనే వాల్యూమ్ లేచింది. దాని మీద ఏమీ రాయకుండ, చదివేటందుకే తెరిచిన. పాతబాయి గీతలు పైనుంచి కిందికి మెల్లగ వచ్చినయి. ప్రింటు తీసిస్తే సార్ దాని మీద స్కేలు పెట్టి కొలిచిండు, మళ్ల కొలిచిండు. నడుమ గోడ చాన పల్చగ మిగిలింది. ప్రింటు పట్టుకోని మేనేజరు గదికి ఉరికిండు. ఆయన ఉరుకుడు నేను అంతకుముందు చూడలే.

షిఫ్టు దిగింది గని తవ్వుడు ఆపి, అవతల నీళ్లు ఎంత దగ్గరున్నయో చూసేటందుకు ముందు గోడకు సన్న బోరు వేయించిన్రు.

తెల్లారి బాపు చాయ్ తాగుకుంట అవ్వకు, అంటే మా అమ్మకు, చెప్తుండె. బోరుల నుంచి నీళ్లు చిమ్మినయట, దాన్ని మూసేదాక అందరు తడిసి ముద్దయిన్రట. "గా నీళ్లు ఎంత సల్లగున్నయనుకున్నవ్" అన్నడు. గోడ అవతల ఇంకెన్ని నీళ్లున్నయని అవ్వ అడిగింది. ఏమో అన్నడు బాపు. నేను చేసిన పని చెప్దామని నోటిదాక వచ్చింది గని, అవ్వ ముఖం చూసి ఊకున్న.

ఆఫీసుకు పోయేసరికి సార్ ఎర్రరంగు డబ్బా, సన్న కుంచె తెచ్చి పెట్టుకున్నడు. ఐదు డిస్కుల మీద అంకెలేసినం.