నాన్న ఛాతీలో మిషను

తొడ దగ్గర చిన్న రంధ్రం చేసి, రక్తనాళం గుండా తీసుకెళ్లి నాన్న గుండెకు కొత్త కవాటం అమర్చారు. ఛాతీ కోయలేదు. మర్నాడే మంచం మీద లేచి కూర్చుని టీ అడిగాడు. హమ్మయ్య అనుకున్నాను. నేను హమ్మయ్య అనుకుంటే చాలు, ఏదో ఒకటి మొదలవుతుంది.

ఆ సాయంత్రమే గుండె తడబడింది. మంచం పక్క మానిటర్ తెర మీద గీత ఆగిపోయి, నేను నర్సును కేకేసేలోగా మళ్లీ కదిలింది. గుండెను కొట్టించే కరెంటు దారి కవాటం పక్కనే ఉంటుందట, అది నలిగిందట. మెడలోంచి తాత్కాలికంగా ఒక తీగ వేసి నడిపిస్తున్నారు. ఛాతీలో పేస్‌మేకర్, అంటే గుండెను నడిపించే చిన్న మిషను, పెట్టాలి, ఆలస్యం వద్దు అని డాక్టరు బెంగాలీలో మెల్లగా చెప్పాడు.

నాన్న వద్దన్నాడు.

"మతి పోనాదేటి నీకు?" అన్నాను, ఆస్పత్రిలో అరవకూడదు కాబట్టి పళ్లు బిగబట్టి.

నాన్న కోల్‌కతాలో కరెంటు శ్మశానంలో కొలిమి దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. శవం రాగానే ఇంటివాళ్లను మొదట అడిగేది, లోపల మిషనేమైనా ఉందా దాదా అని. ఉంటే ముందే తీయించాలి, లేకపోతే వేడికి పేలుతుంది. ఒకసారి ఎవరో చెప్పడం మరిచిపోయారు. ఆ రోజు నాన్న ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు.

"సచ్చాక నన్ను కోస్తారమ్మా. కోయకపోతే అక్కడ డూటీలో ఉన్నోడి మీద పేల్తాది. నానొప్పుకోను."

కోపమూ ఏడుపూ కలిసొచ్చాయి నాకు. బతకమంటుంటే ఈయన చచ్చాక జరిగే పని చూసుకుంటున్నాడు. ఎంత బతిమాలినా తల అడ్డంగానే ఊపాడు. తీగ కాస్త జరిగినా ప్రమాదమని నర్సు అప్పటికే హెచ్చరించింది. నా చూపు తెర మీదనుంచి కదలడం లేదు.

చివరికి, "కొలిమి కాడ నానే సెప్తాను నాన్నా. అది తీయించాకే నిన్ను లోపలికి పంపిస్తాను, సరేనా?" అన్నాను. కూతురు తండ్రితో అనాల్సిన మాటేనా అది?

ఆయన నా ముఖంలోకి చూశాడు.

"మర్సిపోవు గదా?"

"మర్సిపోను."

"అయితే పెట్టీమను."

ఇప్పుడు తనే బజారుకెళ్లి చేపలు తెస్తున్నాడు. సంచి నా చేతికిస్తూ, ఎడమ భుజం కింద ఉబ్బు మీద వేలు పెట్టి, "జ్ఞాపకముందా?" అంటాడు. ఉందంటాను. కొళాయి తిప్పి చేపలు కడుగుతూ, ఆయనకు వినపడకుండా ఏడుస్తాను.