నాలుగింటి దగ్గరి ఖాళీ

నేను పాఠం చెప్పే జూనియర్ కాలేజీ గేటు పక్కన ఒక చెరకు రసం బండి ఉంటుంది. పొద్దున దాని దగ్గర వాసన మర్యాదగానే ఉంటుంది: అల్లం, నిమ్మకాయ, తడి ఇనుము. నిజామాబాద్ ఎండ నడినెత్తికెక్కి దిగాక మాత్రం, చక్రాల కింద కుప్పపడిన పిప్పి పులవడం మొదలై, తీపికీ కుళ్ళుకీ మధ్య ఎటూ తేల్చుకోలేని ఒక వాసన మెట్లెక్కి మా స్టాఫ్ రూం దాకా వస్తుంది. తోటి లెక్చరర్లు లేచి కిటికీ మూస్తారు. నేను ఏదో పని కల్పించుకుని దాన్ని మళ్ళీ తెరుస్తాను. బోధన్‌లో పుట్టినవాళ్ళ ముక్కు కొంచెం చెడిపోయి ఉంటుంది. బాగుచేయించుకోవాలని మాకెవరికీ పెద్దగా ఉండదు.

మా ఇల్లు చక్కెర ఫ్యాక్టరీ ప్రహరీకి వెనక గల్లీలో ఉండేది. లోకానికి మూడు కాలాలుంటే మాకు రెండే: సీజన్, సీజన్ కానిది. దసరా పోయి చలి మొదలవుతుండగా ఫ్యాక్టరీ గానుగ పట్టేది. వర్ని, మోస్రా, చందూర్ దిక్కుల నుంచి చెరకు ట్రాక్టర్లు ఒకదాని తోక ఒకటి పట్టుకున్నట్టు వరసకట్టి, డ్రైవర్లు వాటి పక్కనే వండుకుని తిని, వాటి కిందే పడుకుని, తెలుగులో మొదలైన తిట్టును మరాఠీలో ముగిస్తూ రోజులు గడుపుతుంటే, మేం పిల్లలం వెనక నుంచి గడలు గుంజి, పళ్ళతోనే చెక్కు తీసి, పెదాల మూలలు మండేదాకా నమిలేవాళ్ళం. పొగగొట్టం నుంచి మసి రెక్కలు రెక్కలుగా రాలి ఆరేసిన బట్టల మీద, ఎండబెట్టిన మిరపకాయల మీద, ముసలివాళ్ళ తలల మీద పడేది. చెరకు మడ్డి వాసన అన్నంలోకి, జడల్లోకి, రగ్గుల్లోకి ఎక్కేది. అవ్వ (మా ఇంట్లో అమ్మను అవ్వ, నాన్నను బాపు అనే పిలుస్తాం) తాడు మీది బట్టలు తీసేటప్పుడు ఒక్కో దాన్నీ రెండు చేతులా పట్టుకుని గట్టిగా దులిపితే తప్ప మడతపెట్టేది కాదు.

వీటన్నిటి మీద సైరన్ ఉండేది. షిఫ్టు మారినప్పుడల్లా కూసేది గానీ, మా గల్లీ తనదనుకున్నది సాయంత్రం నాలుగింటి కూతను. బాయిలర్ దగ్గర పనిచేసే మా తాత దానికి ఒక మర్యాద పెట్టాడు: కూత పడ్డప్పుడు ఎవరూ కూర్చోకూడదు. "కూత పడంగ కూసునుడంటే పెట్టిన అన్నం మీద కూసున్నట్టే" అనేవాడు. కాబట్టి నాలుగింటికి గల్లీలో ఉన్నవాళ్ళంతా, బియ్యం ఏరేవాళ్ళు, పేలు చూసేవాళ్ళు, అష్టాచెమ్మా ఆడే పిల్లలు, ఒక్క క్షణం లేచి నిలబడి మళ్ళీ కూర్చునేవాళ్ళు. గోడకవతల ఉండే ముస్లిం ఇల్లాలిని, పిన్ని అన్నట్టుగా, ఖాలా అనేవాళ్ళం; ఆమె అప్పటికే స్టౌ వెలిగించి ఉండేది; ఆమె భర్త తాతతోపాటే డ్యూటీ దిగి వచ్చేవాడు. కూత ముగిసేసరికి చాయ్ పొంగాలి. అది ఆమె మర్యాద.

నేను బడిలో ఉండగానే ఫ్యాక్టరీ మూతపడింది. ఎందుకని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో కారణం చెప్పేవారు, అందరూ గట్టిగానే చెప్పేవారు. క్వార్టర్లు ఖాళీ అయ్యాయి. తలుపులు, కిటికీలు మనుషుల వెంటే వెళ్ళిపోగా, గోడల మీద పాత క్యాలెండర్లు మాత్రం మిగిలి, గాలి వచ్చినప్పుడు తమంతట తామే నెల మార్చుకునేవి. మసి రాలడం ఆగింది. అవ్వ బట్టలు దులపడం ఆపలేదు. ఖాలా భర్త మరుసటి ఏడే పోయాడు. నాలుగింటికి ఆమె ఇంకా రెండు కప్పులే తీసేది. రెండోది గల్లీలో ఎవరు కనిపిస్తే వాళ్ళకు దక్కేది.

తాత అప్పటికి దాదాపు చెవిటివాడు. బాయిలర్ ఆయన చెవులను వాయిదాల మీద తీసుకుంది. వంటింట్లో ఇత్తడి గిన్నె పడ్డా తల తిప్పేవాడు కాదు. అలాంటివాడు రోజూ నాలుగింటికి కుర్చీలోంచి లేచి నిలబడేవాడు. ఆయన కుర్చీకి ఎదురుగా గడియారం లేదు, జేబులో ఫోన్ లేదు.

"తాతా, ఎందుకు లేచినవే?" అని ఒకసారి చెవి దగ్గర అరిచాను.

"కూసింది గద. ఇనవడలేదా?"

"లేదు."

"నీ చెవులు డాక్టర్‌కు సూపియ్యాలె బిడ్డా" అన్నాడు నిజమైన దిగులుతో.

ఇక నా సంగతి. నాకు ముగ్గు రాదు, పాట రాదు, వంటలో ఉప్పు ఒక్కటే సరిగ్గా వేసేదాన్ని. లెక్కలు వచ్చేవి. పదో తరగతిలో నూటికి నూరు వస్తే బడివాళ్ళు బస్టాండు దగ్గర ఫ్లెక్సీ కట్టారు. అందులో నా తలను మరెవరిదో మెడకు అతికించారు, అయినా గల్లీ అంతా వెళ్ళి చూసి వచ్చింది. ఆ మెడ బలంతోనే నిజామాబాద్‌లో ఇంటర్ ఎంపీసీలో చేరి, రోజూ పొద్దున బోధన్ బస్సెక్కేదాన్ని.

అక్కడ లెక్కల్లో మనుషులు లేరు. పదో తరగతి దాకా లెక్కల నిండా జనం ఉండేవాళ్ళు: మామిడిపండ్లు పంచుకునేవాళ్ళు, గోడకు నిచ్చెన వేసేవాళ్ళు, తండ్రి వయసు కొడుకు వయసుకు మూడు రెట్లని అనవసరంగా చెప్పేవాళ్ళు. ఇంటర్ పుస్తకం తెరిస్తే అందరూ ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయారు. తలుపుల్లేని క్వార్టర్లలో క్యాలెండర్‌లాగా ఒక్క ఎక్స్ మిగిలి అటూ ఇటూ కదులుతోంది. అదీ ఇంగ్లీషులో. ఫిజిక్స్‌కు కావాలని లిమిట్లు ముందే మొదలుపెట్టారు. సారు బోర్డు మీద ఎక్స్ స్క్వేర్ మైనస్ నాలుగు బై ఎక్స్ మైనస్ రెండు రాసి, ఎక్స్ రెండు దగ్గరికి పోతే ఏమవుతుందని అడిగాడు. నేను రెండు పెట్టి చూశాను. పైన సున్న, కింద సున్న. సున్న అని రాశాను.

"రెండు మీద కాలు పెట్టకమ్మా. అక్కడ విలువ లేదు. దగ్గరికి మాత్రమే పో" అన్నాడు సారు.

"దగ్గరిదాక పోయి లోపటికి పోకుండ వస్తే బాగుంటదా సార్? చాయ్ గూడ తాగకుండ?"

క్లాసు నవ్వింది. సారు కూడా కొంచెం నవ్వి, "ఎడమ పక్క నుంచి ఒకరు రావాలె, కుడి పక్క నుంచి ఒకరు రావాలె. ఇద్దరూ ఒక్క కాడికే వస్తే, అక్కడ ఏం లేకున్నా లిమిట్ ఉన్నట్టే. ఒక్క పక్క నుంచే వస్తే లేనట్టే" అన్నాడు. రాసుకున్నాను. నాకేమీ అర్థం కాలేదు. నవ్వించడం నాకు అప్పటికే అలవాటు. అర్థం కాకపోవడం మాత్రం కొత్త. ఏమీ లేని చోటు ఉన్నట్టే ఎట్లా అవుతుందని బస్సులో కిటికీకి తల ఆనించి ఆలోచిస్తే, నూటికి నూరు తెచ్చుకున్న ఆ పిల్ల ఎవరో, ఆమె తల నా మెడ మీదికి ఎట్లా వచ్చిందో అనిపించేది.

క్వార్టర్లీ పరీక్షలో నా మార్కులు ఒక చేతి వేళ్ళకు సరిపోయి, బొటనవేలు మిగిలింది. సారు బాపును పిలిపించాడు. బాపు విత్తనాల దుకాణంలో పనిచేసేవాడు. పిలిచింది కాలేజీవాళ్ళు కాబట్టి పెళ్ళిళ్ళకు వేసుకునే చొక్కా వేసుకొచ్చాడు. దసరా సెలవుల తర్వాత మళ్ళీ పరీక్ష పెడతామని, అందులోనూ ఇట్లాగే ఉంటే ఏడాది పాడుకాకుండా సీఈసీకి మార్చుదామని సారు మెల్లగానే చెప్పాడు. సీఈసీ చెడ్డదేమీ కాదు. కానీ దానికి మారితే నాకు వచ్చినదేమిటో నాకు తెలియకుండా పోతుంది. తిరుగు బస్సులో బాపు టికెట్లు మడిచి పెళ్ళి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఎడపల్లి దాటాక, "ఫ్లెక్సీ ఇంక గాడనే ఉంది బిడ్డా" అన్నాడు. ఓదార్చాడో, గుర్తుచేశాడో ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఆ సెలవుల్లో అత్త వచ్చి పండక్కని తాతను చందూర్ తీసుకుపోయింది. సద్దుల బతుకమ్మకు ముందు రోజు. అవ్వ వాకిట్లో తంగేడు, గునుగు పూలు కుప్పలు పోసుకుని గునుగుకు గులాబీరంగు అద్దుతోంది. లోపల మలీద కోసం రొట్టెలు నలిపి పెట్టిన గిన్నె నుంచి బెల్లం వాసన వస్తోంది. నేను అరుగు మీద లిమిట్ల అధ్యాయం ముందేసుకుని ఉన్నాను. తాత కుర్చీ ఖాళీగా ఉంది. ఆయన లేని గల్లీలో, అందరినీ లేపే మనిషి లేని గల్లీలో, ఆ మధ్యాహ్నం మామూలుగా గడిచిపోవాలి.

ముందు గోడకవతల ఖాలా స్టౌ వెలిగిన చప్పుడైంది. తర్వాత అవ్వ రంగు చేతులు బకెట్లో ముంచి, కొంగుకు తుడుచుకుంది. ఎదురింటి మెట్టు మీద పడుకున్న కుక్క తల ఎత్తింది. ఆ తర్వాత అవ్వ లేచింది. గోడ పైన ఖాలా తల కనిపించింది. ఆమె కూడా నిలబడింది. కుక్క నిలబడింది, చెవులు ఫ్యాక్టరీ వైపు పెట్టి. ఎవరూ ఎవరినీ చూడటం లేదు. చెవిలో నీళ్ళు పోయినప్పటిలాగా గల్లీ మొత్తం మూసుకుపోయింది. ఏమీ మోగలేదు. ఆ మోగనిది ఎంతసేపు ఉండాలో అంతసేపూ ఉండి, ఆగిపోయింది. అవ్వ కూర్చుని మళ్ళీ గునుగు అందుకుంది. కుక్క పడుకుంది. అవతల రెండు కప్పులు తగిలిన చప్పుడు.

"అవ్వా, ఎందుకు లేచినవ్?"

"ఎవలు లేచిన్రే?"

"నువ్వే. ఇప్పుడే."

"నేనెందుకు లేస్త? పూలకు రంగేస్తున్న గద. సదివి సదివి నీకు కండ్లు తిరుగుతున్నట్టున్నయ్. జెర నీళ్ళు తాగు."

గోడ దగ్గరికి పోయి, "ఖాలా, నీకేమన్న ఇనవడ్డదా?" అన్నాను.

"నైరే బేటీ, ఏం లేదు. చాయ్ అయింది, తాగుతవా?" అంటూ రెండో కప్పు గోడ మీద పెట్టింది.

లోపలికి పోయి ఫోన్ చూశాను. నాలుగు దాటి కొద్దిసేపే అయింది. చేతిలో ఉండగానే అది మోగింది. అత్త.

"మీ తాతకేమైందే? మంచిగ ముచ్చట వెట్టుకుంట కూసున్నోడు లేచి నిలవడ్డడు. చెప్పులేవి, టిఫిన్ డబ్బ ఏది అంటడు. ఈడెక్కడి డ్యూటీ?"

"ఎప్పుడత్తా?"

"ఇగ గిప్పుడే."

చందూర్‌కు ఫ్యాక్టరీ కూత బతికున్న రోజుల్లోనే వినపడేది కాదు.

నాకు భయం వేసింది. భయం వేసినప్పుడు మనిషి చేతికి ఏది దొరికితే దాన్ని పట్టుకుంటాడు. నాకు దొరికింది లిమిట్ల అధ్యాయం. ఎక్స్ రెండు దగ్గరికి వస్తోంది. నాలుగు కాకముందు, ఎడమ వైపు నుంచి, స్టౌ వెలుగుతుంది, చేతులు కడుగుతారు, కుక్క తల ఎత్తుతుంది. నాలుగు దాటాక, కుడి వైపున, చాయ్ పొంగి ఉంటుంది, కప్పులు తగులుతాయి. ఇటు చూసినా అటు చూసినా అన్నీ ఒక్క చోటే కలుస్తున్నాయి. సరిగ్గా ఆ చోట మాత్రం ఏమీ లేదు, ఫ్యాక్టరీవాళ్ళు పీకి పట్టుకుపోయారు. బోర్డు మీది లెక్కకు రెండు వైపుల నుంచీ దగ్గరికి పోయి చూశాను. జవాబు నాలుగు వచ్చింది. ఇందులో అర్థం వెతకవద్దు. నేను వెతికి ఆ రాత్రి దీపం ఆర్పకుండా పడుకున్నాను.

సెలవుల తర్వాత పరీక్ష మధ్యాహ్నం పెట్టారు. లిమిట్ల ప్రశ్నలు వచ్చాయి. మనుషులు ఖాళీ చేసిన ఆ క్వార్టర్లలో నాకిప్పుడు ఎవరో తిరుగుతున్నట్టే ఉంది, తప్పిపోకుండా వాళ్ళ వెనకే నడిచాను. నాలుగయ్యేసరికి, చివరి లెక్క సగంలో ఉండగా, చుట్టూ కలాల చప్పుడు ఆగింది. తలెత్తితే అందరూ నన్నే చూస్తున్నారు. నేను నిలబడి ఉన్నాను.

"అయిపోయిందా?" అన్నాడు సారు.

"లేదు సార్."

"మరి ఎందుకు లేచినవ్?"

జవాబు నాకు తెలుసు. చెప్పదగింది కాదు. కూర్చుని లెక్క పూర్తిచేశాను. నన్ను సీఈసీకి మార్చలేదు. సారు బాపుతో "అమ్మాయి దారిలో పడ్డది" అన్నాడట. ఎవరి వెనక నడిచి ఆ దారిలో పడ్డానో ఆయన అడగలేదు.

తర్వాతి సంగతులు ఎవరింట్లోనైనా జరిగేవే. తాత పోయాడు. ఖాలాను కొడుకు నిజామాబాద్ తీసుకొచ్చుకున్నాడు. ఆమె ఇప్పుడు గ్యాస్ వాసన పడదని చాయ్ మానేసింది. అవ్వా బాపూ నాతోనే ఉంటున్నారు, వాషింగ్ మెషీన్‌లోంచి తీసిన బట్టల్ని అవ్వ దులపకుండానే మడతపెడుతోంది. గల్లీలో కొత్తవాళ్ళు అద్దెకు దిగారు. చెరకు ట్రాక్టర్లు ఊరి పక్క నుంచి వేరే ఫ్యాక్టరీలకు పోతాయి, వాటి వెనక పరుగెత్తే పిల్లలు లేరు.

పోయిన దసరాకు ఇల్లు చూసి రావడానికి ఒక్కదాన్నే బోధన్ వెళ్ళాను. మా అరుగు మీద కూర్చున్నాను. ఎదురింటి మెట్టు మీద ఒకామె ఫోన్ చూస్తోంది, పక్కన ఇద్దరు పిల్లలు గొడవపడుతున్నారు. నాలుగు కావచ్చింది. నా కాళ్ళు వాటంతటవే నేల వెతుక్కున్నాయి, లేచి నిలబడ్డాను. ఎదురుగా ఉన్నామె తలెత్తి, "ఎవలు కావాలె అక్కా?" అంది.

ఎవరూ లేవలేదు. గోడకవతల కప్పుల చప్పుడు కాలేదు. ఒక వైపు నుంచి నేను వచ్చాను. రెండో వైపు నుంచి రావాల్సినవాళ్ళెవరూ మిగల్లేదు. అలాంటప్పుడు ఏం రాయాలో ప్రతి ఏడూ లెక్కల క్లాసులో మా కాలేజీ పిల్లలకు నేనే చెప్తాను: లిమిట్ లేదు. అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ రాయనక్కర్లేదు, పూర్తి మార్కులు వస్తాయి.