దుప్పటి మీద కంచు పొడి

గేరుబాక్సు వెనక నక్కి ఉండి, ఇంజను సత్తువను ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ పంచిపెట్టే ఇనుప పెట్టెను ట్రాన్స్‌ఫర్ కేసు అంటారు. జీపు కొండ ఎక్కాలన్నా, బురదలోంచి గట్టెక్కాలన్నా అదే దిక్కు. ఆ పెట్టెను విప్పడంలో మా వీధి చివర షెడ్డు నడిపే మేస్త్రీకి ఒక నియమం ఉంది. ఊడదీసిన ప్రతి భాగాన్నీ, ఊడివచ్చిన క్రమంలోనే, ఒక పాత దుప్పటి మీద ఎడమ నుంచి కుడికి పేర్చుకుంటూ పోతాడు. తుడవడు, కడగడు. బిగించేటప్పుడు కుడి నుంచి ఎడమకు వెనక్కి వస్తాడు. వేదం వల్లించేవాడు స్వరం తప్పడానికి ఎంత జంకుతాడో, ఆయన ఆ క్రమం తప్పడానికి అంత జంకుతాడు. అందుకే అందరూ ఆయనను వరసల మేస్త్రీ అంటారు.

అంతటివాడికి ఆ రోజు ఉదయం నుంచీ మనసు మనసులో లేదు. ఎదుట నిలిచిన జీపు వైద్యం చేసేందుకు కొండమీది పల్లెలకు తిరిగే నర్సమ్మది. నెల క్రితం, ఎత్తు ఎక్కేటప్పుడు వేసే లో గేరు నిలవడం లేదని ఆమె తెస్తే, గేరును జరిపే ఫోర్కు అరిగిందని తేల్చి, కొత్తది వేసి, "ఇక నిశ్చింతగా వెళ్ళిరండమ్మా" అన్నాడు. మొన్న ఒక ఏటవాలు మలుపులో ఆ లో గేరే మళ్ళీ ఊడి, జీపు పది బారలు వెనక్కి జారింది. నర్సమ్మ బ్రేకు మీద నిలబడి ఆపి, ఎలాగో దించుకొని వచ్చింది. పరుషంగా ఒక్క మాట అనలేదు.

"రేపు పొద్దున్నే పైపల్లె నుంచి ఒక నిండు చూలాలిని దించుకురావాలి మేస్త్రీగారూ. బండి లేకపోతే కుర్చీలో కూర్చోబెట్టి నలుగురూ మోసుకురావాల్సిందే. అవుతుందా?" అని మాత్రం అడిగింది.

"అవుతుందమ్మా" అన్నాడు మేస్త్రీ. ఆమె నాలుగు తిట్టి ఉంటే బాగుండుననిపించింది.

ఆయిలు వంపేశాడు. ఇరుసులకు వెళ్ళే షాఫ్టులు రెండింటికీ సుద్దముక్కతో గుర్తు పెట్టి విప్పాడు. పెట్టెను జాకీ మీదికి దించుకొని, బల్లకెక్కించి, మూత తీశాడు. బేరింగులూ పళ్ళచక్రాలూ ఒకటొకటే దుప్పటి మీదికి చేరాయి. నడిమి గేరుకు ముందొకటి, వెనకొకటి రెండు కంచు వాషర్లు. చూపుకు గాజుల జత. ఫోర్కు చూస్తే, వేసిన కొత్తది కొత్తగానే ఉంది. మరి దోషం ఎక్కడ? అంతుబట్టలేదు. ఎలాగూ ఆయిలు కారకుండా వేసే సీళ్ళు కావాలి గనక, ఆలోచించుకుంటూ విడిభాగాల దుకాణానికి నడిచాడు.

షెడ్డు వెనక గదుల్లోనే ఆయన కాపురం. కూతురిని చూడవచ్చిన అత్తగారు కొన్నాళ్ళుగా అక్కడే ఉంటున్నారు. ముప్పై ఏళ్ళు విద్యార్థుల హాస్టలులో వంటశాల నడిపిన మనిషి. జిడ్డు కనబడితే ఆవిడ చేతులు ఊరుకోవు. అల్లుడు తల వంచుకొని తిరగడం ఉదయం నుంచీ చూస్తున్నారు. తనకు చేతనైన సాయం చేయాలనుకున్నారు.

మేస్త్రీ తిరిగివచ్చేసరికి భాగాలన్నీ కిరసనాయిలులో స్నానమాడి, చిన్నదాని పక్కన పెద్దది చొప్పున బల్లమీద బారులు తీరి తళతళలాడుతున్నాయి. దుప్పటి లేదు.

పక్కనే అత్తగారు చేతులు తుడుచుకుంటూ నిలబడి ఉన్నారు.

"అత్తయ్యా, ఇవన్నీ మీరే కడిగారా?"

"మరి నీ పెళ్ళాం కడుగుతుందనుకున్నావా? అది తను తాగిన గ్లాసే కడగదు. చూసుకో నాయనా, చిన్నవి ముందు, పెద్దవి వెనక. ఇక వెతుక్కునే పనే లేదు."

భార్య లోపలినుంచి పరుగెత్తుకొచ్చింది. "అయ్యో అమ్మా! ఆయన సామాను జోలికి పోవద్దని చెప్పానా? పాతికేళ్ళలో నేనే ఆ దుప్పటి అంచు ముట్టుకోలేదు!"

"ముట్టుకోలేదు గనకే అంత మురికి!"

మేస్త్రీ ఒక్కొక్క భాగాన్నీ చేతిలోకి తీసుకున్నాడు. తక్కినవాటి చోటు అనుభవం చెప్పింది గాని, కంచు వాషర్ల దగ్గర చెయ్యి ఆగింది. వేళ్ళ మధ్య నలిపి చూస్తే ఒకటి వెంట్రుకవాసి పల్చన. అది ముందుదా, వెనకదా? తెలిస్తే దోషం ఏ వైపునుందో తెలుస్తుంది.

అల్లుడి ముఖం చూసి అత్తగారి ముఖం చిన్నబోయింది. "పాడు చేశానా?"

"పాడు కాదులెండి. ఈ పల్చటిది ఎక్కడిదో తెలియక..."

"అదా! అదే నా ప్రాణం తీసింది. ఎంత తోమినా బంగారప్పొడిలా రాలుతూనే ఉంది. రెండోది బుద్ధిగా కడిగించుకుంది."

మేస్త్రీ ఉలిక్కిపడ్డాడు. "దుప్పటేదీ?"

"సబ్బునీళ్ళలో వేద్దామని బకెట్టు పక్కన..."

మాట పూర్తికాకముందే ఆయన బకెట్టు దగ్గరున్నాడు. అదృష్టం, దుప్పటి ఇంకా తడవలేదు. నేలమీద పరిచాడు. ఉదయం పెట్టిన భాగాల తాజా ఆయిలు మరకలన్నీ ఎడమ నుంచి కుడికి ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. ముప్పై ఏళ్ళుగా దుప్పటి మీది వస్తువులను చూశాడే గాని, వస్తువులు లేని దుప్పటిని ఆయన ఎన్నడూ చూడలేదు. నడిమి గేరు మరకకు ఎడమనున్న వలయం వట్టి నలుపు. కుడినున్న వలయంలో కంచు పొడి మెరుస్తోంది. పెట్టెను ముందు వైపు నుంచి విప్పుకుంటూ వచ్చాడు గనక కుడిది, అంటే వెనకది.

టార్చిలైటు తెచ్చి పెట్టె వెనకగోడలోకి వేశాడు. వాషరును తిరగనీయకుండా పట్టి ఉంచే చిన్న మేకు విరిగిపోయి ఉంది. పట్టు తప్పిన వాషరు గేరుతోపాటు తిరిగి తిరిగి అరిగింది. ఆ సందున గేరు వెనక్కి జరిగి ఊడిపోతోంది. ఫోర్కు పాపం ఏ పాపమూ ఎరగదు.

"దొరికిందే!" అన్నాడు భార్యతో. ఉదయం నుంచి ఆయన ముఖంలో వెలుగు రావడం అదే మొదలు.

ఉక్కు కడ్డీ ముక్కను ఆకురాయితో అరగదీసి కొత్త మేకు దిగ్గొట్టాడు. కొత్త వాషర్లు తెచ్చాడు. పొద్దు వాలేలోగా పెట్టె జీపు కింద దాని చోటికి చేరింది. షెడ్డు వెనక ఏటవాలు బాటకు బండి తిప్పి, అత్తగారిని పక్క సీటులో కూర్చోబెట్టాడు.

"ఈ గేరు రాడ్డు మీద చెయ్యి ఆనించండి. పట్టుకోవద్దు. కదిలితే చెప్పండి."

లో గేరు వేసి బాట సగానికి ఎక్కించాడు. యాక్సిలరేటరు మీంచి కాలు ఎత్తాడు, తొక్కాడు. మళ్ళీ ఎత్తాడు, మళ్ళీ తొక్కాడు.

"ఏమైనా కదిలిందా అత్తయ్యా?"

"నా గుండె కదిలింది. ఇది మాత్రం రాయిలా ఉంది. ఇక దించవయ్యా బాబూ, నీకు పుణ్యముంటుంది!"

మర్నాడు పదిగంటల వేళ కొండదారి నుంచి లో గేరు శ్రుతి తప్పని హోరు వినబడింది. మేస్త్రీ చేతిలోని పని వదిలి గుమ్మంలోకి వచ్చాడు. వెనక సీటులో చూలాలు తల్లి ఒడిలో తల పెట్టుకొని పడుకొని ఉంది. నర్సమ్మ బండి ఆపలేదు. కిటికీలోంచి ఒక చెయ్యి మాత్రం పైకెత్తింది. జీపు ఆసుపత్రి వైపు మళ్ళేదాకా ఆయన అక్కడే నిలబడి ఉన్నాడు.