గూట్లో వెల్లకిలా ఉన్న తళ్ళె

మొన్న ఆదివారం మనవరాలు ఫోను నా ముందు పెట్టి, కుప్పం అవతల ఎప్పుడో మూతబడిన బంగారు గని కాలనీని ఈమధ్య జనం సరదాగా చూసి వస్తున్నారనీ, మనమూ పోదామనీ అన్నప్పుడు, ఆ బొమ్మలో కప్పులు కూలిన ఇళ్ళ వరుసలో మా ఇల్లేదో నాకు వెంటనే తెలిసిపోయింది. ఆ పిల్లకు మాత్రం చెప్పలేదు. మదనపల్లెలో కారెక్కి పుంగనూరు, పలమనేరు దాటి వెళ్ళాం.

నాయన ఆ గనిలో రాయి తొలిచేవాడు. కాలనీ ఆడవాళ్ళకు ఒక పట్టింపు ఉండేది. మగమనిషి గనిలోకి దిగాక, అతను అన్నం తినే తళ్ళెను గూట్లో వెల్లకిలా పెట్టి ఉంచాలి. అతను పైకి వచ్చి, తిన్నాకే కడిగి బోర్లించాలి. బడి మానేసినవాణ్ణే అయినా, మదనపల్లె గ్రంథాలయంలో గనుల మీద దొరికిన పుస్తకమల్లా చదివాను. రాతిపొరల్లో బంగారం ఎలా చేరుతుందో ఇప్పటికీ తడుముకోకుండా చెప్పగలను. ఈ పట్టింపు మాత్రం ఏ పుస్తకంలోనూ కనబడలేదు.

ఒకనాడు లోపల కప్పు కూలింది. నాయనను బయటికి తీయలేకపోయారు. నీళ్ళు నిండాక ఆ దారే మూసేశారు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అమ్మ గిన్నెలన్నీ మూటకట్టి, పెచ్చులూడిన ఆ పింగాణి తళ్ళెను మాత్రం గూట్లోనే వదిలింది.

"యాల ఇడిసిపెడతాండావు మే, అదీ ఎత్తుకో" అంది పక్కింటి అవ్వ.

"ఆయప్ప ఇంకా కిందనే ఉండాడు గదవ్వా" అంది అమ్మ.

పుంగనూరులో కూలికి పోయి నన్ను పెంచిన అమ్మ, కన్నుమూసే ముందు నా చెయ్యి పట్టుకుని అడిగింది ఒక్కటే.

"మీ నాయన ఎన్నాళ్ళని ఆకలితో ఉంటాడప్పా? పోయి ఆ తళ్ళె బోర్లించి రా. వచ్చి తిన్న్యాడనుకుంటాం."

వెళ్ళాను. కాలనీ గేటుకు తాళం, కావలివాడు రానివ్వలేదు.

ఇప్పుడు ఆ గేటే లేదు. తుక్కువాళ్ళకూ పనికిరాలేదేమో, తళ్ళె గూట్లో అలాగే ఉంది. వచ్చినవాళ్ళకు కాలనీ చూపించేవాడు మమ్మల్నందర్నీ వాకిట్లో నిలబెట్టి, "సూడండప్పా, ఇది దయ్యాల ఇల్లు. మొగుడు వస్తాడని తళ్ళె పెట్టుకోని ఆయమ్మ ఇంకా ఈడే కూసోనుండాది" అన్నాడు.

"ఈ పొద్దు కూరేందంటన్నా?" అన్నారెవరో. అందరూ నవ్వారు. మనవరాలూ నవ్వింది.

వాళ్ళు గని నోరు చూడడానికి కదిలాక నేను వెనక ఉండిపోయి, కండువాతో దుమ్ము తుడిచి, తళ్ళెను బోర్లించాను. నాయన వచ్చాడమ్మా, తిన్నాడు అని లోలోపలే చెప్పుకున్నాను. బయటికి వచ్చి గట్టు మీద కూర్చుంటే, ఎన్నేళ్ళకో గుండె తేలికపడింది.

అంతలో ఆ కాలనీ చూపించేవాడే ఇంకో గుంపును వెంటబెట్టుకుని వచ్చాడు. లోపలికి తొంగిచూసి, "ఎవురప్పా దీన్ని బోర్లించింది? ఫోటోకి బాగుండదు" అని గొణుక్కుంటూ తళ్ళెను మళ్ళీ వెల్లకిలా పెట్టాడు. చెప్పబోయాను. చెబితే రేపటి నుంచి అదీ ఆ కథలో చేరుతుందని ఊరుకున్నాను.

ఆ రోజుల్లో ఏ ఇంటి గూట్లో తళ్ళె వెల్లకిలా కనబడినా ఆ వాకిట్లో పిల్లలం కూడా గట్టిగా మాట్లాడేవాళ్ళం కాదు. ఇప్పుడు ఆ తళ్ళెను చూసి నవ్వడానికే అంత దూరం నుంచి వస్తున్నారు. నాయన ఇంకా కిందనే ఉన్నాడు.