నాలుగు గంటల పది నిమిషాల కార్డు

నాలుగు గంటల పది నిమిషాలు. మూడేళ్ళుగా నేను మోస్తున్న బరువుకు కొలత అది. కిలోల్లో ఉంటే బాగుండేది. కిలోలైతే ఎక్కడో ఒకచోట దింపి పక్కన పెట్టొచ్చు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు ఇది రాయగలుగుతున్నాను. నేను పదో తరగతితో చదువు ఆపేసినవాణ్ణి. ఇళ్ళ కట్టుబడికి ఇటుక ఎంత, ఇనుము ఎంత, సిమెంటు ఎంత అని అంచనాలు వేసి బతుకుతాను. ఎవరూ నేర్పలేదు, తప్పులు చేసి నేర్చుకున్నాను. చల్లపల్లిలో నన్ను లెక్కల బావగారంటారు. ఇన్వర్టరైనా మోటారైనా నన్నడిగి కొంటారు. ఈమధ్య కార్ల అద్దానికి పెట్టే కెమెరాల కోసం అడుగుతున్నారు. గుడివాడ దాకా ఇరవైమందికి పైగా నేనే ఎంచిపెట్టాను. ఖరీదైనది అక్కర్లేదు, ఎదుటి బండి నంబరు చదవగలిగితే చాలు. మన ఎండలకు లోపలి బ్యాటరీ ఉబ్బిపోతుంది, బ్యాటరీ లేనిది చూసుకోండి. వెనక కెమెరా దండగ. తీసినదంతా దాచే మెమరీ కార్డు మాత్రం పెద్దది వేయించండి. ఆ చివరి మాట దగ్గర నా గొంతు కొంచెం గట్టిపడుతుంది. అనుభవం అనుకుంటారు. అనుభవమే.

నా కారుకు మొదట కొన్నది అన్నిటిలోకీ చవకది. కార్డు చిన్నది. నాలుగు గంటల పది నిమిషాలకు నిండిపోతుంది, ఆ తర్వాత పాతది చెరుపుకుంటూ కొత్తది ఎక్కుతుంది. గడియారం పెట్టి నేనే కొలిచాను. కొన్న వస్తువును కొలవకుండా వదలను.

మూడేళ్ళ కిందట, వరి కోతలైన రోజులు. ఘంటసాలలో ఒక ఇంటి కొలతలు తీసుకుని, పొద్దున్నే చల్లపల్లి వస్తున్నాను. తొమ్మిదింటికి అక్కడ ఒక శ్లాబు పని మొదలవుతుంది. రోడ్డుకు ఎడమ సగం ధాన్యం ఆరబోసి, బండ్లు ఎక్కకుండా అంచున రాళ్ళు పేర్చారు. మిగిలిన సగంలో నా ముందు బందరు చేపల ఆటో, ఐసు పెట్టెల బరువుతో మెల్లగా వెళ్తోంది. ధాన్యం మహా అయితే ఇంకో మూడు వందల మీటర్లుంటుంది. ఆగితే పోయేది ఒక్క నిమిషం. ఈ లెక్క తర్వాత వేశాను. అప్పుడు హారన్ కొట్టాను. రెండు పొట్టివి, ఒకటి పొడుగు. ఆటో దారి ఇవ్వబోయి ఎడమకు జరిగింది. ముందు చక్రం రాయెక్కింది. నేను పక్కనుంచి దాటిపోయాను. వెనక చప్పుడు వినిపించింది.

పారిపోలేదు. ఈ మాట నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. కాలవ వంతెన దగ్గర తిప్పుకుని వెనక్కి వచ్చాను. దాంతో నేను ఎదురు దిక్కు నుంచి వచ్చినవాణ్ణయ్యాను. ఆటో పడిపోయి ఉంది. ధాన్యం మీద చేపలు, ఐసు. రైతు తిడుతున్నాడు. డ్రైవరు నాంచారయ్య కుడి మణికట్టు పట్టుకుని కూర్చున్నాడు. లేపి నా కార్లోనే ఆసుపత్రికి తీసుకెళ్ళాను. కట్టు కట్టించుకున్నాక అతను నన్నడిగాడు.

"మీ అద్దానికి కెమెరా ఉంది కదండీ. నా వెనకాల హారన్ కొట్టి దాటిపోయినోడు మీకు ఎదురొచ్చే ఉంటాడు. అందులో పడ్డాడేమో చూస్తారా?"

"చూస్తాను."

"కాస్త చూడండి. మా ఓనరు నేను కునికానంటాడు. కునికినోడికి హారన్ ఎట్టా వినపడుద్దండీ?"

ఆసుపత్రి ఆవరణలో, కార్లో కూర్చుని చూశాను. అంతా ఉంది. ఆటో, ధాన్యం, రాయి. హారన్ మోత కూడా. కార్డు బయటికి తీసి జేబులో వేసుకుంటే చాలు, అది నిలిచిపోతుంది. లేదా చెరిపేయాలి. చెరపడానికి చెయ్యి రాలేదు. చెరిపేస్తే నేను చెరిపినట్టే కదా.

అందుకని కారు తీశాను. హడావిడిలో ఆసుపత్రి దగ్గర కూడా ఇంజను ఆపలేదు; అప్పటికి యాభై నిమిషాలు గడిచాయి, అది దానంతటదే చెరగడానికి ఇంకా మూడు గంటల ఇరవై నిమిషాలు కావాలి. అవనిగడ్డ మీదుగా నాగాయలంక వెళ్ళాను. అక్కడ టీ తాగాను, ఇంజను ఆపకుండా. ఆపితే కెమెరా కూడా ఆగిపోతుంది. కోడూరు వెళ్ళాను. ఎవరితోనూ పని లేదు. ఏ శ్లాబు కోసం తొందరపడ్డానో దాని దగ్గరకు ఆ రోజు వెళ్ళనే లేదు. మర్నాడు నాంచారయ్యకు చెప్పాను.

"తక్కువ రేటుది కదా. కార్డు నిండితే పాతవి చెరిగిపోతాయి."

"అంతేలెండి. మీరు మాత్రం ఏం చేస్తారు."

నేను చెప్పినదాంట్లో ఒక్క ముక్క అబద్ధం లేదు. ఇంత శుద్ధమైన మోసం ఇంకెవరైనా చేశారా అని ఒక్కోసారి ఆలోచిస్తాను.

ఓనరు ఆటో లాక్కున్నాడు. నిద్రపోయే డ్రైవరని పేరు పడితే బందరులో ఇంకెవరు బండిస్తారు? వంకరగా అతికిన మణికట్టుతో హార్బరులో పెట్టెలు మోశాడు. అడపాదడపా నా దగ్గరకు వచ్చేవాడు, ఆదుకున్నవాణ్ణి కదా. భార్య కూడా అడిగిందట, నిజం చెప్పు, కునుకు తీశావా అని. అది చెప్పి నవ్వాడు. తర్వాత నవ్వకుండా అన్నాడు: "ఒక్కోసారి నాకే అనుమానం బావగారూ. నిజంగా విన్నానా అని."

అప్పుడైనా చెప్పొచ్చు. ఒక్క మాటతో అతని చెవులు అతనికి తిరిగి వచ్చేవి. ఎందుకు చెప్పలేదు? కేసు భయమా? కాదేమో. లెక్కల బావగారు ఒక్క నిమిషం ఆగలేకపోయాడని ఊరికి తెలియడమా? అంత చిన్నదానికా?

పోయిన వారం నాంచారయ్య పాత ట్రాలీ ఆటో ఒకటి సొంతంగా కొనుక్కుని వచ్చాడు. చవకలో కెమెరా ఎంచిపెట్టమన్నాడు. వెనక కెమెరా కూడా ఉండాలన్నాడు. అది దండగని నేను అలవాటుగా అన్నాను.

"నన్ను తొందరపెట్టినోడు ముందు లేడు కదండీ. వెనకే ఉన్నాడు."

రెండువైపులా తీసేది ఎంచాను. పెద్ద కార్డు వేయించాను. బిగించాక అతనే అన్నాడు: "ఓసారి నా వెనకాల కారులో వచ్చి హారన్ కొట్టండి. సౌండు పడుద్దో లేదో చూద్దాం."

అదే కారు. అదే హారన్. చెయ్యి దాని మీద పెట్టి చాలాసేపు కొట్టలేకపోయాను. చివరికి ఒక్కటి కొట్టాను, పొట్టిది. అతను ఆటో ఆపి, కెమెరాలో ఎక్కినది ఫోన్లో పెట్టుకుని విన్నాడు. రెండోసారి కూడా విన్నాడు.

"వినపడిందండీ. ఇంక కునికానని ఎవడూ అనలేడు."

నేను తలూపి ఇంటికొచ్చేశాను.

ఈ కాగితాలు అతనికిస్తానా? ఆ లెక్క తేలలేదు. ఇచ్చినా ఆ మూడేళ్ళు వెనక్కి రావు, ఆ మణికట్టు తిన్నగా కాదు. రాయకముందు మాత్రం ఈ మాటలు నా ఒక్కడి లోపలే తిరిగేవి, ఇప్పుడు బయట కూడా ఉన్నాయి. వీటి మీద ఇంకేదీ ఎక్కి చెరిపేయదు.

నాంచారయ్య ఆ రోజు కునకలేదు. హారన్ మోగింది. రెండు పొట్టివి, ఒకటి పొడుగు. కొట్టింది నేను.