బరాత్ జీపుకు లారీ టర్బో

మా అన్న పెండ్లి ఆల్బంలో ఒక ఫోటో ఉంది. అందులో ఆడవాళ్లంతా హారతి పళ్లాలు, నీళ్ల బిందెలు పట్టుకుని వరుసగా నిలబడి ఉంటారు. అందరి తలలూ ఒకే పక్కకు తిరిగి ఉంటాయి, అందరి నోళ్లూ తెరుచుకుని ఉంటాయి. నడుమ పెండ్లిపిలగాడు ఉండాల్సిన చోట నల్లటి పొగ ఉంటుంది. ఆల్బం తిరగేసే చుట్టాలు అక్కడ ఆగి "పిలగాడేడి?" అని అడుగుతారు. మా ఇంట్లోవాళ్లు అందరూ కలిసి నా దిక్కు చూస్తారు.

ఆ పొగ నాది. ఎట్లా నాదైందో చెప్తాను. విన్నాక మీరు కూడా నన్ను అట్లనే చూసినా ఏమనుకోను, అలవాటైపోయింది.

ముందు బండి సంగతి. నారాయణఖేడ్‌లో మా బస్వరాజ్ మామకు ఒక పాత జీపు ఉంది. జీపు అనడం మర్యాద కోసమే. పైకప్పు కోయించేశాడు. ఇంజను ఒక పికప్ ట్రాలీ నుంచి వచ్చింది. టైర్లు చూస్తే ట్రాక్టర్‌కు తమ్ముళ్లు అనుకుంటారు. వెనక సీటు పోయి ఎర్ర మఖ్మల్ కుర్చీ వచ్చింది. తయారుచేసిన కంపెనీవాళ్లే ఎదురొచ్చినా "ఎవరి బండి బాబూ ఇది" అని అడిగి పోతారు.

దాని పని ఒక్కటే, బరాత్. ఖేడ్ నుంచి అటు కంగ్టి, ఇటు మనూర్ దాకా ఎవరి పెండ్లయినా పిలగాడు ఎక్కేది ఆ కుర్చీనే. బరాత్ ఎట్లా నడుస్తుందో తెలుసు గదా. ముందు బ్యాండువాళ్లు, నడుమ ఆడేవాళ్లు, వెనక బండి. ఆడేవాళ్లు ఒక అడుగు ముందుకేస్తే రెండడుగులు వెనక్కి వేస్తారు. బండి వాళ్లకు తగలొద్దు, ఆగిపోనూవద్దు. చీమ కూడా "నువ్వు ముందు పో" అని దారిచ్చేంత మెల్లగా నడవాలి. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకోలేదు.

అన్న పెండ్లి దగ్గర పడుతుండగా జీపు టర్బో చచ్చిపోయింది. టర్బో అంటే ఏందో తెలియనివాళ్లకు ఒక మాట. ఇంజను వాడుకుని బయటికి పారేసే పొగ ఉంటుంది చూడండి, అది పోతూ పోతూ ఒక ఫ్యానును తిప్పుతుంది. అదే ఇరుసుకు రెండో కొసన ఇంకో ఫ్యాను. అది బయటి గాలిని గుంజి ఇంజను నోట్లో కుక్కుతుంది. ఎంత గాలి కుక్కితే అంత బలం. అంటే పారేసేదానితోనే బలం పుట్టించుకోవడం. ఈ ఉపాయం నా తలకెక్కిన రోజు అన్నం కంచం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేదు నేను. మనుషులు గిట్ల ఎట్ల ఆలోచించిన్రు అని గోడను చూస్తూ కూర్చున్నాను. అమ్మ భయపడి దవాఖానకు పోదామా అన్నది.

అందుకే మామ ఆ పని నాకు అప్పజెప్పాడు. "డీజిల్ మెకానిక్ ఐటీఐ చేసినవ్ గదరా, నువ్వే సూస్కో. పాతది ఎంతుంటే గంతదే తేవాలె. మీ అన్న పెండ్లికి నేను పెట్టేది గీ బరాతే. ఇజ్జత్ తియ్యకు."

మెకానిక్ యూసుఫ్ భాయ్‌ని తోడు తీసుకుని పట్నం పోయాను. పాత సామాన్ల దుకాణంలో మా బండికి సరిపోయే టర్బో వెంటనే దొరికింది. చాయ్ సాసరంత ఉంది. బుద్ధిగా, అణకువగా, బ్యాంకులో పని చేసే అల్లుడిలాగా ఉంది. తీసుకుని బస్సెక్కితే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

దాని పక్కన ఇంకొకటుంది. లారీది. జొన్నరొట్టె అంత. శంఖాన్ని వెండితో పోత పోసినట్టు మెలికలు తిరిగి మెరుస్తుంది. లోపల ఫ్యాను రెక్కలు నిమ్మాకుల్లాగా పలచగా, ఒకదాని వెనక ఒకటి ఒంగి ఉన్నాయి. నోటితో ఉఫ్ అని ఊదాను. తిరిగింది. చప్పుడు లేదు, ఊపు లేదు. నేను ఊదడం మానేసినా అది మానలేదు. ఇద్దరం దాన్నే చూస్తూ నిలబడ్డాం. దుకాణమాయన మా ఇద్దరినీ చూస్తూ నిలబడ్డాడు.

"భాయ్, గిది మన బండికి పట్టదా?"

"పట్టదు," అన్నాడు యూసుఫ్ భాయ్. ఇంకొంచెంసేపు చూశాడు. "పట్టిస్తే పడతది."

లోకంలో సగం ప్రమాదాలు ఈ రెండు మాటల నడుమనే జరుగుతాయని నా అనుమానం.

పెద్ద ఫ్యాను తిరగాలంటే పొగ ఎక్కువ కావాలి. పొగ ఎక్కువ రావాలంటే ఇంజను గట్టిగా తిరగాలి. అప్పటిదాకా అది నిద్రలోనే ఉంటుంది, లేచిందంటే ఒక్కసారే లేస్తుంది. ఇది నాకు తెలియదనుకోకండి. పరీక్షలో బొమ్మ గీసి మరీ రాశాను. కానీ పరీక్ష పేపర్ మెరవదు గదా.

యూసుఫ్ భాయ్ లేత్ దగ్గర ఇనుప పలక చేయించి దాన్ని బిగించాడు. పెద్ద నోటికి పెద్ద ముద్ద అని డీజిల్ కూడా పెంచాడు. నేను స్టీరింగ్ పక్కన గాలి ఎంత ఎక్కుతుందో చూపించే మీటరొకటి పెట్టించాను. మామను ఎక్కించుకుని ఖాళీ పెద్ద రోడ్డు మీదికి పోయాం. జోరందుకునేసరికి సన్నగా ఈల మొదలైంది. ఆ వెంటనే ఎవరో వెనక నుంచి జీపును ఎత్తి విసిరినట్టయింది. మామ తువ్వాల ఎగిరిపోయింది. వెనక్కి తిరిగి చూసుకోవాలన్న సోయి కూడా ఆయనకు లేదు.

"అబ్బో," అన్నాడు. ఇంటికొచ్చేదాకా అదొక్కటే మాట. ఇంటి ముందు దిగినాక మాత్రం ఒకటడిగాడు. "మెల్లగ పోతదారా?"

"జోరుగ పోయేది మెల్లగ పోదా మామా?"

మామ ఇంకేం అడగలేదు. నా తర్కం అంత బలంగా ఉండె.

పెండ్లి కంగ్టి దాటినాక ఒక ఊర్లో. ఊరి కింద హనుమాండ్ల గుడి. అక్కడ మొక్కి, పిలగాడు బరాత్‌తో ఎత్తు మీదికి పోయే ఎక్కుడు రోడ్డు మీదుగా పిల్ల ఇంటికి పోవాలి. ఇల్లు ఎక్కుడుకు సగంలో ఉంటుంది. ముహూర్తం పగటిపూట, టైము తక్కువ. కుర్చీలో బాసింగం కట్టుకుని అన్న, వెనక గొడుగు పట్టి మామ, స్టీరింగ్ దగ్గర నేను. బండికి ఎన్ని వైపులుంటే అన్ని వైపులా చుట్టాలు వేలాడుతున్నారు.

బ్యాండు మొదలైంది. నేను క్లచ్ వదిలాను. జీపు నాలుగు మూరలు నడిచి ముసలాయనలాగా దగ్గింది. దగ్గినప్పుడల్లా నల్లటి పొగ. పెంచిన డీజిల్ ఉంది, కాల్చే గాలి లేదు. గాలి ఇవ్వాల్సినది బానెట్ కింద హాయిగా పడుకుంది. బాకా ఊదేటాయన పొగ మింగి బాకాలోకే దగ్గాడు. అది కూడా పాటలో భాగమే అనుకుని కొందరు ఎగిరారు.

"రేసియ్యిరా," అన్నాడు మామ.

"ఇస్తున్న మామా."

"ఏడ ఇస్తున్నవ్? మీ ఇంట్లనా?"

ఎక్కుడు మొదలయ్యేచోట బండి మొత్తానికే మొండికేసింది. వేలాడేవాళ్లు దిగారు. ఆడేవాళ్లు, బ్యాండువాళ్లు, అందరూ వెనక్కి వచ్చి తొయ్యడం మొదలుపెట్టారు. డోలాయన డోలుతోనే తోశాడు. ముందు రోడ్డంతా ఖాళీ. నేను పెడల్ కింది దాకా తొక్కిపెట్టాను.

అప్పుడు వినపడింది, ఈల.

ఏం చెప్పాలి మీకు. మామ తిట్లు, తోసేవాళ్ల కేకలు అన్నీ ఎక్కడికో దూరం పోయాయి. మీటరులో పొద్దుటి నుంచి కదలని ముల్లు మెల్లగా, దీపం వత్తి నిగిడినట్టు, లేచింది. ఇంకా లేచింది. మనిషి చేతులతో చేసిన వస్తువేనా ఇది అని దాన్నే చూస్తూ ఉండిపోయాను. ఆ సమయంలో నా కుడికాలు ఎక్కడుందో నాకు తెలియదు. పెడల్ మీదనే ఉందట.

తోసేవాళ్లంతా ఒకేసారి ముందుకు బోర్లా పడ్డారు. జీపు లేచిపోయింది. పిల్ల ఇల్లు వచ్చింది, పోయింది. మా అన్న మర్యాదస్తుడు, అంత జోరులో కూడా ఆడవాళ్లకు చేతులు జోడించాడు. మా అన్నకు కాబోయే అత్త హారతి ఎత్తి, మిగిలిన పొగకు తిప్పింది. మొదట చెప్పిన ఫోటో అదే.

ఎక్కుడు దాటి కందిచేను గట్టు దగ్గర ఆగాం. దూరంగా కన్నడంలో రాసిన బోర్డు కనపడుతుంది. మామ చేతిలో గొడుగు తిరగబడి గిన్నెలాగా ఉంది.

"తమ్మీ," అన్నాడు అన్న చాలా శాంతంగా. "ఎనక పోయింది గదేనా, మనం దిగాల్సిన ఇల్లు?"

"గదే అన్నా."

"కర్ణాటకల వీడు నీకు ఇంకో పిల్లను సూశిండేమో అడుగు," అన్నాడు మామ.

బండి తిప్పాను. ఈసారి దిగుడు. పెడల్ ముట్టనే వద్దని ఒట్టు పెట్టుకున్నాను. ముట్టకపోయేసరికి ఇంజను ఆగిపోయింది. పెద్ద బండ్లు నడిపేవాళ్లకు తెలుసు, ఇంజను ఆగితే బ్రేకు పెడల్ రాయిలాగా బిగుసుకుని ఎంత తొక్కినా దిగదు. పొయినసారి గోలగోలగా పోయాం. ఈసారి చప్పుడే లేదు. టైర్ల కింద గులకరాళ్లు నలగడం కూడా వినపడుతుంది. ఆడవాళ్లు వరుస సర్దుకుని మళ్లీ నిలబడ్డారు. అత్త మళ్లీ హారతి ఎత్తింది. అన్న మళ్లీ చేతులు జోడించాడు. మేము మళ్లీ పోయాం. వెనక నుంచి ఒక ముసలమ్మ "మల్ల పోతుండే" అన్నది, అంతే.

బయలుదేరిన గుడి దగ్గరే ఆగాం. వదినవాళ్ల నాయిన చెప్పులు కూడా లేకుండా ఉరుక్కుంటూ వచ్చాడు. చెమటలు కారుతున్నాయి. నేను తిట్లకు తయారుగా తల దించుకున్నాను. ఆయన నన్ను చూడనే లేదు. మామ చేతులు పట్టుకున్నాడు.

"మర్యాద ఏడన్న తక్కువైందా బావా? మావోళ్లు ఎవలన్న ఒక మాటన్నరా? ఉంటే చెప్పున్రి, కాళ్లు మొక్కుత. గిట్ల వాకిట్లకొచ్చి అలిగి పోతే నా బిడ్డ మొకం ఎట్ల సూడాలె?"

మగపెండ్లివాళ్లు అలిగారనుకున్నాడు. మా దిక్కు పెండ్లిలో అలగడం మామూలే గానీ, జీపేసుకుని అటోసారి ఇటోసారి తిరుగుతూ అలిగినవాళ్లు ఎవరూ లేరు. అప్పటిదాకా నాకు నవ్వులాటగా ఉంది. ఆయన కండ్లల్లో నీళ్లు చూసినాక నవ్వు పోయింది.

మామ బానెట్ ఎత్తి చూపించాడు. "మీ తప్పు గాదు. దీనిది. దీన్ని తెచ్చినోనిది."

ఆయన లోపలికి ఒంగి చూశాడు. చాలాసేపు చూశాడు. "గింత పెద్దగున్నదేంది?" అన్నాడు, గుళ్లో మాట్లాడినట్టు మెల్లగా. నా జీవితంలో నన్ను అర్థం చేసుకున్న మొదటి మనిషి.

ముహూర్తం తప్పలేదు. ఇంజను మళ్లీ స్టార్ట్ చెయ్యకుండానే, పిల్ల తరఫువాళ్లూ పిలగాని తరఫువాళ్లూ కలిసి జీపును ఇంటిదాకా తోశారు. నేను స్టీరింగ్ మాత్రం పట్టుకున్నాను, అది కూడా మామ ఒక చెయ్యి వేసి ఉంచాకే. మా చీమ నడక ఆ రోజు చూడాలి, అంత చక్కటి బరాత్ ఆ జీపు ఎన్నడూ చెయ్యలేదు.

మండపంలో అన్నకూ వదినకూ నడుమ పట్టిన తెర తీశారు. వదిన మిద్దె మీది నుంచి అంతా చూసిందట, పోవడం, రావడం, మళ్లీ పోవడం. తలంబ్రాలు దోసిట్లో పట్టుకుని, పోసేముందు అన్నను ఒకటే అడిగింది.

"ఉంటవా, పోతవా?"

మైకు పంతులు దగ్గరే ఉంది. ఊరంతా విన్నది.

మామ ఇప్పుడు జీపుకు సాసరంత టర్బోనే పెట్టించాడు. పెద్దది ఇంట్లో గూట్లో ఉంది, దసరాకు బంతిపూలు, కుంకుమ పడతాయి. ఎవరూ చూడనప్పుడు పోయి ఊదుతాను. ఇప్పటికీ తిరుగుతుంది. దాని మీదనే చెయ్యి పెట్టి ప్రమాణం చేశాను. పెండ్లిపిలగాడు ఎక్కే బండికి ఇగ ఈ జన్మలో నేను స్పానర్ పట్టను. నా పెండ్లికి జీపు కూడా వద్దు, గుడి నుంచి పిల్ల ఇంటిదాకా నడిచే పోతాను.

ఈ ప్రమాణం అందరూ మెచ్చుకున్నారు. వదిన మాత్రం ఎందుకైనా మంచిదని, హారతి పళ్లెం పట్టుకుని పక్క ఊర్లో నిలబడతానన్నది.